దొర తాగని నీళ్లు

"మన ఏజెంట్ రూప్లా శవం కాలువలో తేలింది," అన్నాడు చీఫ్. "ఇక నువ్వు బయల్దేరాలి."

అది 1984. హైదరాబాద్ ఆఫీసులో ఏజెంట్ దేవ్‌సింగ్ చేతిలోని ఫొటో చూశాడు. తెల్ల సూటు, ముక్కుకు సెంటు రుమాలు. డాక్టర్ క్రేన్. విదేశీ మందుల ముఠా నాయకుడు.

"తమ యాంటీబయాటిక్ కలపనిదే బ్రాయిలర్ కోడి బతకదని రైతుల్ని నమ్మించారు. ఇప్పుడు ఆ మందుకు రోగాలు లొంగడం లేదు. బాన్సువాడలో బద్రున్నీసా అనే ఆవిడ దాణాలో నేలవేము, పసుపు, వెల్లుల్లి పొడి కలిపి కోళ్లను పెంచుతోంది. శుక్రవారం వర్ని ఊరి రైతులు చూడ్డానికి వస్తున్నారు. వాళ్ల కళ్లముందే కోళ్లన్నీ చావాలి, నెపం ఆకుపొడి మీదకు పోవాలి. అదీ ముఠా ప్లాన్. ఆ ముఠాలో మన మనిషి ఒకరున్నారు. కోడ్‌వర్డ్ 'తౌడు తడిసింది'."

"కోడిపిల్లల మీద యుద్ధమా?" దేవ్‌సింగ్ పెదవి విరిచాడు. "మహావీరులే సార్!"

శుక్రవారం ఉదయం కోళ్ల బేరగాడి వేషంలో బీర్కూర్ రోడ్డులోని బద్రున్నీసా ఫారంలో దిగాడు. తలపాగా, లుంగీ, బీడీకట్టలో వైర్‌లెస్.

"ఏందన్నా, పొద్దుగాల్నే బేరానికొచ్చినవ్?" అంది బద్రున్నీసా. "గా షెడ్డుల ఒక దొర కూడ ఉన్నడు. మా పొడిని తెగ పొగుడుతుండు."

షెడ్డులో క్రేన్ నీళ్ల డ్రమ్ము మీదకు వంగి ఉన్నాడు. చేతిలో సిరంజి ఖాళీ అయింది. పక్కనే అతని దుబాసీ జైనాబ్. నల్ల కళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్.

"ఆగు!" దేవ్‌సింగ్ ముందుకు ఉరికాడు. వెంటనే వీపుకు పిస్టల్ తగిలింది. పట్టుకున్నది జైనాబ్.

"కదలకు," అని అరిచి, చెవిలో గొణిగింది. "తౌడు తడిసింది. కొళాయి తిప్పనీ. రైతులు గుమ్మంలోనే ఉన్నరు, వాళ్ల కళ్లముందే దొరకాలె."

క్రేన్ కొళాయి తిప్పాడు. దాహంతో ఉన్న కోళ్లు తొట్ల మీదకు ఎగబడ్డాయి. జైనాబ్ పిస్టల్ దించింది. ఒక్క దూకులో దేవ్‌సింగ్ పైపు పీకేశాడు. తొట్టికి వేలెడు దూరంలో విషపు నీళ్లు నేలపాలయ్యాయి.

క్రేన్ ఇంగ్లీషులో గగ్గోలు పెట్టాడు. జైనాబ్ రైతులకు తెలుగులో చెప్పింది. "నీళ్లల్ల కలిపింది ఉత్త విటమిన్లేనట!"

బద్రున్నీసా డ్రమ్ములో గ్లాసు ముంచి అతని ముందు పెట్టింది. "గట్లయితే ముందుగాల ఆయననే తాగుమను."

క్రేన్ ముఖం సున్నంలా పాలిపోయింది. గ్లాసు తోసేసి పరుగెత్తబోయి కోళ్ల పెంటలో జారి బోర్లా పడ్డాడు. ఒక్కరూ లేపలేదు. వైర్‌లెస్ కబురుతో పోలీసు జీపు వచ్చేసింది.

సంకెళ్లు వేస్తూ దేవ్‌సింగ్ క్రేన్ వేళ్లను చూశాడు. "మా రూప్లాను చంపింది ఈ మెత్తటి చేతులా? థూ!"

మధ్యాహ్నం లాకప్‌లో ఆకలంటూ క్రేన్ మూలిగాడు. బద్రున్నీసా కోడికూర, అన్నం పంపింది. క్రేన్ ముద్ద ఎత్తి, ఆగి, జైనాబ్‌ను అనుమానంగా అడిగాడు:

"ఈ కోడికి మా యాంటీబయాటిక్ పెట్టలేదు కదా?"