గునపం ఆ చివర

వంటింటి గుమ్మానికి ఎదురుగా, పెరట్లో, ఆ నల్లబండ ఉంది. పొద్దు వాలుతోంది. లోపల కోడలు గిన్నెలు తోముతోంది. పెద్దకొడుకు గునపం తెచ్చి బండకు ఆనించాడు. గుమ్మంలో కూర్చుని తల్లి చూస్తోంది.

ఏడాదిగా ఆమె అతనితో మాట్లాడలేదు. చెప్పాల్సిందేదైనా కోడలితోనే చెప్పించేది. ఆ మధ్యాహ్నం కూడా అంతే.

“తెల్లారేసరికి ఆ బండ నా కళ్లెదుట ఉంటే నేను ఉండను. కూతురి దగ్గరికి పోతానని వాడితో చెప్పు.”

పోతే పోనీ అనుకోవడానికి లేదు. కిందటేడు అన్నదమ్ములిద్దరూ ఈ బండనే కదుపుతుండగా, కింద వంగి ఉన్న తమ్ముడి మీదికి అది దొర్లి అక్కడికక్కడే ప్రాణం తీసింది. గునపం పట్టిన అన్న చెయ్యి జారిందని వీధి నమ్మింది. పెరడు పంపకం దగ్గర ఇద్దరికీ పడడం లేదని తెలిసీ నమ్మింది. తల్లి ఆ ఇంట్లోనే ఉండిపోయింది గనక. ఆమె గడప దాటితే ఇక ఎవరూ నమ్మరు.

ఇక్కడ ఒక సంగతి తెలియాలి. బండ కదపాలంటే బలం కన్నా జత ముఖ్యం. గునపం మొన బండ కిందకి దూర్చి, గునపానికి ఊతంగా ఓ రాయి పెట్టి, ఈ చివర ఒకరు ఒళ్లంతా వేసి నొక్కుతారు. బండ నాలుగు వేళ్ల మందం లేస్తుంది. ఆ సందులో రెండోవాళ్లు గబుక్కున ఓ రాయి పెట్టాలి. నొక్కేవాడు వదలడన్న నమ్మకం ఉంటేనే ఎవరైనా అక్కడ చెయ్యి పెడతారు.

“ఒక్కసారి వచ్చి రాయి పెట్టవే,” అన్నాడు భార్యతో.

“మీరు నొక్కుతుంటేనా? ఈ చేతులతో నాకింకా పనుందండీ,” అంది ఆమె తల ఎత్తకుండానే.

ఒక్కడే నొక్కాడు. బండ లేచింది. రొప్పుతూ పట్టుకున్నాడు. ఇక వదలక తప్పదు అనుకునేంతలో...

టక్.

సందులో రాయి పడిన చప్పుడు.

గునపం వదిలాడు. బండ దిగలేదు. వంగి చూశాడు. కొత్తగా చేరిన ఆ రాయి తడిగా ఉంది. వాన పడి నెలలైంది. లోపల గిన్నెల చప్పుడు మాత్రం ఆగలేదు.

ఒక అడుగు వెనక్కి వేశాడు. అయినా తెల్లారితే తల్లి వెళ్లిపోతుంది. మళ్లీ నొక్కాడు. మళ్లీ టక్. బండ ఒరుగుతూ ప్రహరీ వైపు జరుగుతోంది. దాని అడుగు నుంచి పచ్చిమట్టి వాసన, ఆ వాసన వెనక ఇంకేదో వాసన. చీకటి పడింది. గిన్నెల చప్పుడు ఎప్పుడు ఆగిందో తెలియలేదు.

గునపం అతని చేతుల్లోంచి మెల్లగా తప్పుకుంది. దానంతట అదే కిందికి వంగింది. బండ లేచింది... అలాగే నిలిచింది. గునపం చివర ఎవరో రొప్పుతున్నారు.

“అన్నయ్యా... ఇప్పుడు నువ్వు పెట్టు. నేను పట్టుకుంటా.”

గుమ్మం వైపు చూశాడు.

“అమ్మా...”

ఏడాదికి తల్లి అతనితో నోరు విప్పింది.

“పెట్టరా. వాడు నీలాగా వదిలే రకం కాదు.”

మోకాళ్ల మీద కూలబడ్డాడు. చేతికి అందిన రాయి తీసుకుని, సందులోకి చెయ్యి పెట్టాడు.

సందు లోపలి నుంచి ఒక తడి చెయ్యి ఆ రాయిని అందుకుంది. ఆ తర్వాత అతని మణికట్టును.

వెనక, గునపం దగ్గర, తమ్ముడి రొప్పు అలాగే వినిపిస్తోంది...