అద్దం అవతలి గొంతు

ఆ ఆసుపత్రిలో చివరి గదికి మంచి పేరు లేదు. అందులో పోయినవాళ్ళు రాత్రిపూట ఫోన్ చేసి పిలుస్తారని, రోగుల వెంట వచ్చినవాళ్ళు గుసగుసలాడుకునేవారట. అక్కడ నర్సుగా చేసిన మా వదిన చెప్పిందిది.

ఆ గదిలోకి ఒక డ్రాయింగ్ మాస్టారు వచ్చారు. లింఫ్ గ్రంథుల్లో క్యాన్సర్ బాగా ముదిరిపోయింది. ఆయన ఎముకల్లోని మజ్జ ముందే తీసి దాచారు. ఇక ఒళ్ళు గుల్లయ్యేంత మోతాదులో మందెక్కించి, తర్వాత ఆ మజ్జ తిరిగి ఎక్కించాలి. నయమవుతుందని పెద్దడాక్టరు మాటివ్వలేదు.

"వద్దే... ఇంటికెళ్ళి ఉన్నన్నాళ్ళు హాయిగా ఉంటాను," అన్నారు మాస్టారు.

భార్య వినలేదు. "నా మీద ఒట్టు. ఈ ఒక్కటీ చేయించుకోండి."

ఆయన సంతకం పెట్టారు.

మందు మొదలయ్యాక ఇంటివాళ్ళని లోపలికి పోనివ్వరు. మధ్యలో మందపాటి అద్దం, అటొకటి ఇటొకటి ఫోన్లు. ఆవిడ వరండాలో బెంచీ మీదే పడుకునేది. నిద్రెక్కడిది! ఆయన వాంతి చేసుకున్నప్పుడల్లా — నేనే కదా, నేనే కదా చేయించింది — అని నలిగిపోయేది.

ఒక రాత్రి... అద్దానికి లోపలి నుంచి తెర వేసి ఉంది. ఫోన్ మోగింది.

ఎత్తింది.

ముందు ఊపిరి... తడితడిగా, గురగురమంటూ. ఆ తర్వాత గొంతు — మనిషి గొంతులా లేదు.

"దగ్గరికి... రా..."

రిసీవర్ వదిలేసి ఒకటే పరుగు! మా వదిన కూర్చునే బల్ల దగ్గరికొచ్చి ఆవిడ కూలబడింది.

"గదిలో... ఆయన కాదు... ఇంకెవరో..."

వదిన మాస్కు కట్టుకుని లోపలికెళ్ళింది. తిరిగొచ్చి ఆవిడ పక్కన కూర్చుంది.

"ఇంకెవరూ లేరండీ, మాస్టారే. మందుకి నోరూ గొంతూ పుళ్ళు పడిపోయాయి, మాట అలా అయిపోయింది. భయమేసి మిమ్మల్ని పిలిచారట."

ఆవిడ లేచింది. మెల్లగా వెళ్ళి, వేలాడుతున్న రిసీవర్ చెవిన పెట్టుకుంది.

"నేనండీ..."

"వచ్చావా..." అదే గొంతు. "ఇందాక ఎవరో ఎత్తారే... పాపం, జడుసుకుని పారిపోయినట్టున్నారు. నువ్వెక్కడికెళ్ళావు?"

ఆవిడ అద్దానికి చెయ్యి ఆనించింది.

"మంచినీళ్ళకి," అంది.

ఎక్కించిన మజ్జ పట్టకముందే మాస్టారు పోయారు. ఇప్పుడు ఇంట్లో ఫోన్ మోగితే చాలు, ఆవిడ పరుగున వెళ్ళి ఎత్తుతుందట. అవతల ఎవరూ పలక్కపోయినా... చాలాసేపు పెట్టెయ్యదట.