దోరకాయ దూరం

పొద్దున ఏడింటికే గంగులప్ప ఇంట్లో రచ్చ మొదలైంది. రాత్రికి బెంగళూరులో విమానం ఎక్కాల్సిన కూతురు రూప, పాస్‌పోర్టు ఉన్న బీరువా తాళంచెవి కోసం ఇల్లంతా తిరగేస్తోంది. పుంగనూరు దగ్గరి ఆ తోటింటి వరండాలో ఆయన మాత్రం మదనపల్లె మార్కెట్‌కు పంపాల్సిన టమోటాలు తాపీగా ఏరుతున్నాడు. చివరికి ఆ తాళంచెవి ఆయన మొలతాడుకే వేలాడుతూ కనిపించింది.

"అప్పా, తాళమియ్యి. మధ్యాన్నానికే కారొస్తాది."

"ముందు దూరం సెప్పు. బెంగళూరు నించి ఆ ఫ్రాంక్‌ఫర్ట్ ఎన్ని కిలోమీటర్లు?"

"ఏడువేల నాలుగొందలు."

గంగులప్ప చేతిలో కాయ ఆగిపోయింది. ఆయనది ఇరవై ఏళ్ల అలవాటు. మదనపల్లెలో అమ్ముడయ్యేదైతే పండు, చెన్నైకైతే దోరకాయ, ఢిల్లీకైతే పచ్చికాయ కోయాలి. లోకంలో ఏ ఊరైనా ఆయనకు టమోటా రంగులోనే అర్థమవుతుంది.

"ఢిల్లీకి మూడింతల పైనే ఉండాదే! అంత దూరానికి తట్టుకునే కాయే లేదు. నువ్వు పోవద్దు పాపా."

"నన్నేమన్నా క్రేటులో ఏసి లారీలో పంపిస్తాండావా? విమానంలో పది గంటలే!"

ఆయన భార్య పుష్పావతి గరిటెతో సహా బయటికొచ్చింది. "కుప్పంలో నర్సు సదువు సదివించింది నువ్వే. జర్మనీ ఆస్పత్రిలో పని దొరికిందని ఊరంతా మైసూరుపాకు పంచింది నువ్వే. ఈ పొద్దు ఈ మొండితనం యాల?"

గంగులప్ప చేతిలో కాయను పక్కన పెట్టాడు. "మా అమ్మ పోయినప్పుడు నేను లోడుతో ఢిల్లీలో ఉండాను. తిరిగొచ్చేసరికి మూడు దినాలాయ. ముఖం గూడా సూడలే. రేపు నీకేమన్నా అయితే ఈ పిల్లకీ అదే గతి గదా?"

"నాకేం గాదు, గుండ్రాయి మాదిరి ఉండాను!" అంది పుష్పావతి.

రూప కోపమంతా దిగిపోయింది. ఇన్నేళ్లూ ఈ బాధను కడుపులో దాచుకున్నాడా అని కళ్లు నిండాయి. పక్కన కూర్చుని, అడుగున కొంచెం రంగు తిరిగిన దోరకాయ ఒకటి తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

"ఇది ఎర్రబడేదానికి ఎన్ని దినాలు?"

తిప్పి చూశాడు. గడియారం తప్పినా ఆయన లెక్క తప్పదు. "నాలుగు."

"ఆడ ఆస్పత్రిలో బయలుదేరి మనింటికి వచ్చేదానికి ఒక దినం. టిక్కెట్టు కోసం ఇంకో దినం ఏసుకో. నువ్వు పిలిస్తే ఇది పండేలోపల నీ ముందర ఉంటా. నువ్వు అడగాల్సింది దూరం గాదప్పా, టైము."

గంగులప్ప లేచి ఆ కాయను కిటికీలో పెట్టాడు. తర్వాత మొలతాడు నుంచి తాళంచెవి విప్పి కూతురి చేతిలో పెట్టాడు.

మరునాడు మధ్యాహ్నం ఫోన్‌లో వీడియో కాల్ వచ్చింది. "అప్పా, దిగినా! ఈడ శానా సలి."

ఆయన పరుగున కిటికీ దగ్గరికి వెళ్లి, అక్కడ పెట్టిన కాయను ఫోన్‌కు చూపించాడు. "సూడు పాపా, ఇంకా ఎర్రబడనే లే!" నవ్వుతూనే ఉన్నాడు, కళ్ల నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి.

నాలుగో రోజుకు కాయ ఎర్రగా పండింది. పుష్పావతి దాన్ని పప్పులోకి తీసుకోబోతే, "ఆగు మే" అంటూ ఆయన తోటలోకి వెళ్లాడు. ఇంకో దోరకాయ తెచ్చి కిటికీలో పెట్టాకే, పండును ఆమె చేతికిచ్చాడు.