సీసపు గాజుకు అవతల

మధ్యాహ్న భోజనం ముగించుకొని అక్క తన బల్ల వద్దకు వచ్చి కూర్చుంది. ఎదుట రెండు మూరల మందపు సీసపు గాజు. దాని వెనుక, పసుపు వెలుతురులో, రియాక్టరులో మండి చల్లారిన ఇంధనపు కడ్డీలను ముక్కలుగా కోసే గది. ఆ ముక్కలను కరిగించి, ఫాస్ట్ రియాక్టరుకు మళ్లీ కొత్త ఇంధనం తయారుచేస్తారు. కడ్డీలుండగా అందులోకి మనిషి వెళ్లరాదు. ఇరవై ఏళ్లుగా అక్కడ పని చేసినవి అక్క ఇవతలినుండి నడిపే రెండు ఇనుపచేతులే.

ఈనాడు కడ్డీలన్నింటినీ పక్క గదికి తరలించి, గదిని కడిగారు. రేడియేషన్ మీటరు పచ్చగా వెలుగుతోంది. మొద్దుబారిన రంపాన్ని మార్చడానికి ముసుగు తొడుక్కొని, గాలిగొట్టం తగిలించుకొని లోపలికి వెళ్లినవాడు ఆమె సొంత తమ్ముడు.

ముసుగులో మాట ఒక్కొక్కప్పుడు తెగిపోతుంది. అందుకని వారికొక పద్ధతి ఉంది. లోపలివాడు ఇనుపచేతిని ఒకసారి నొక్కితే క్షేమం. రెండుసార్లు నొక్కితే, కారణమడగకుండా బయటకు పిలవాలి. ఆ నొక్కు ఇవతల పిడి పట్టుకున్న అక్క అరచేతికి తెలుస్తుంది.

“జాగ్రత్తరా,” అంది మైకులో.

“చంటిపిల్లవాణ్ణి బడికి పంపుతున్నావా ఏమిటక్కా!” అంటూ తమ్ముడు కుడి ఇనుపచేతిని ఒకసారి నొక్కి వెళ్లాడు.

ఆమె నవ్వుకుంది. కొంతసేపటికి ఎడమ అరచేతిలో... మెల్లగా... రెండు నొక్కులు.

తమ్ముడు దూరాన కుడిమూలలో, ఆమెకు వీపు పెట్టి బోల్టులు విప్పుతున్నాడు. అతని రెండు చేతులూ రంపం మీదే ఉన్నాయి. ఎడమ ఇనుపచేతి దగ్గర ఎవరూ లేరు.

మళ్లీ రెండు. ఈసారి గట్టిగా. కాలిన లోహపు వాసన ఆమె ముక్కుపుటాలకు తగిలింది. ఆ గాజును దాటి ఏ వాసనా రానే రాదు...

“రారా బయటికి!” మైకులో అరిచింది.

“ఇంకో రెండు బోల్టులే అక్కా.”

“నా మాట విను... వచ్చెయ్!”

సణుగుతూ, గాలిగొట్టాన్ని లోపలే విప్పి పడేసి, తలుపు దాటాడు. తలుపు మూతపడిందో లేదో మీటరు కేక పెట్టింది. రంపపు దిమ్మె అడుగున ఇన్నాళ్లూ ఇరుక్కుపోయి ఉన్న కందిగింజంత ఇంధనపు ముక్క... జారి బయటపడింది.

తమ్ముడు ముసుగు తీసి ఆమె పక్కన చతికిలబడ్డాడు. “బతికించావక్కా. నీకెలా తెలిసింది?”

ఆమె బల్లమీది గాలి మీటరునే చూస్తోంది. లోపల పడి ఉన్న ఆ గొట్టంలోంచి ఎవరైనా ఊపిరి పీలిస్తేనే దాని ముల్లు కదలాలి. అది లేస్తోంది... పడుతోంది... అచ్చం పక్కనున్న తమ్ముడి రొమ్ములాగే.

“ఏమిటక్కా, ముఖం అలా పాలిపోయింది?” అంటూ తమ్ముడు పకపక నవ్వాడు.

ఆ నవ్వు వెంటే ముల్లూ గజగజ వణికింది.

అతడు నవ్వు ఆపాడు.

ముల్లు ఆపలేదు...