ఆరోవాడు లేడు

వాన మొదలై నాలుగు రోజులైంది. సారపాకలో ముసురు పడితే పేపర్ మిల్లు వాసన నేలకు దిగి బట్టలకు, పుస్తకాలకు, ఆఖరికి మనసుకు కూడా పట్టేస్తుంది. అలాంటి రోజున బుద్ధున్నవాడెవడూ ప్రేమలో పడడు. ఉదయ్ భాస్కర్ కూడా పడలేదు. ముందు పోట్లాట పెట్టుకున్నాడు.

ఆ ఉదయమే అతను తన నెట్ సెంటర్ తలుపు మీద పోస్టర్ అంటించాడు. 'వెదురుకోట మళ్లీ వస్తోంది! ఆగస్టు పదిహేను. ఈసారి ఆరోవాడు దొరుకుతాడు!'

ఒకమ్మాయి గొడుగు ముడుచుకుని ఆ పోస్టర్ ముందు నిలబడింది. ఏదో అంది. రేకుల మీద వాన చప్పుడులో అతనికి వినిపించలేదు.

"ఏంటండీ?"

ఆమె మళ్లీ అంది. పెదవులు కదిలాయి, అంతే.

"కొంచెం గట్టిగా చెప్పండి. వాన కదా!"

ఆమె ముఖం ఎర్రబడింది. లోపలికి వచ్చి, కౌంటర్ దగ్గర అతని ముఖంలో ముఖం పెట్టినంత పని చేసి అంది.

"ఆరోవాడు లేడు! నా గొంతు గింతే. ఎన్నిసార్లు చెప్పాలె?"

బొంగురు కూడా కాదది. గాలిలో నాలుగు మాటలు కలిపినట్టుంది. ఆమె కౌంటర్ మీది పెన్ను తీసుకుని, పోస్టర్ మీద ఆఖరి వాక్యం కొట్టేసి వానలోకి వెళ్లిపోయింది. పెన్ను కూడా పట్టుకుపోయింది.

వెదురుకోట తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. 2001లో మోతీ అనే సారపాక కుర్రాడు, ఓ విదేశీ తుపాకీ గేమ్‌తో పాటు వచ్చే, దాన్ని మనకు కావాల్సినట్టు మార్చుకునే ఎడిటర్ పట్టుకుని, మన మిల్లు యార్డునే గేమ్‌గా మార్చేశాడు. కొండల్లా పేర్చిన వెదురు. మనం ఫారెస్ట్ గార్డు. ఎదురుగా ఐదుగురు టేకు దొంగలు. మనకు తూటా తగిలితే వెదురు వెనక నుంచి ఓ ఆడపిల్ల గొంతు వినిపిస్తుంది. "ఆరో...చు!" వెంటనే జంపక్క అనే బొమ్మ పరుగున వచ్చి కట్టు కడుతుంది.

డొక్కు స్పీకర్లలో మిల్లు కాలనీ కుర్రాళ్లకు అది 'ఆరో... చూ' అని వినిపించింది. ఆరోవాణ్ణి చూడమని జంపక్క హెచ్చరిస్తోందని తేల్చేశారు. ఏడేళ్లుగా ఆ కనపడని ఆరో దొంగ కోసం వెతుకుతూనే ఉన్నారు. మిల్లులో కాంట్రాక్టు పని చేసే కోటేష్ అయితే ఏకంగా మ్యాపే గీశాడు.

ఆ గేమ్‌ని కొత్త కంప్యూటర్లకు సరిపడా మళ్లీ తయారు చేస్తున్నాడు ఉదయ్. సత్తుపల్లిలో పొగాకు, మామిడి చూసుకోమంటే వినకుండా ఇక్కడ నెట్ సెంటర్ పెట్టుకున్నవాడు. షిఫ్టు దిగిన ప్రతిసారీ కోటేష్ వచ్చి ఒకటే హెచ్చరిక.

"అన్నా, రంగులు మార్చుకో, బొమ్మలు మార్చుకో. జంపక్క గొంతు ముట్టినవో, మేం ఆడం."

చిక్కంతా అక్కడే ఉంది. పాత సౌండ్ ఫైలు నిండా గరగర. అదే అమ్మాయితో మళ్లీ చెప్పించాలి. ఆమె ఎవరో ఎవరికీ తెలియదు.

మర్నాడు పెన్ను తిరిగొచ్చింది, కొత్త పోస్టరుతో సహా.

"మీ పోస్టర్ ఖరాబ్ చేసిన. మా డీటీపీ షాపుల కొత్తది తీసి తెచ్చిన."

ఈసారి అతను ముందే దగ్గరికి వంగాడు. పోస్టర్ చదివి నవ్వాడు. "ఒక లైను తగ్గిందండీ."

"ఉన్నది ఐదుగురే. అది తెలుగు గాదు సార్. మాది లంబాడీ. ముదిగొండ కాడ తండా. బాపుకు మిల్లుల నౌకరీ అని ఇటొచ్చినం. 'ఆరోచు' అంటే వస్తున్న అని."

"వస్తున్నా అనా?"

"అవ్. దెబ్బ తాకినోనికి, ఆగు, వస్తున్న అని చెప్తది. ఆరూ లేదు, చూసుడూ లేదు."

ఉదయ్ పడీపడీ నవ్వాడు. ఏడేళ్లు! కోటేష్ మ్యాపు గుర్తొచ్చి మళ్లీ నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. శబ్దం రాలేదు గానీ భుజాలు కదిలాయి.

"ఇంతకీ మీకెలా తెలుసు?"

"మోతీ మా అన్న. ఖమ్మంల బ్యాంకు కొలువు చేస్తుండు. గేమ్‌లు ఎప్పుడో బంద్ పెట్టిండు. నా పేరు కళ్యాణి."

"అయితే ఆ గొంతెవరిదో మీకు తెలిసే ఉంటుంది!"

ఆమె గొడుగు వైపు చూసింది. "నా దోస్తుది. ఊరిడిసి పోయింది."

ఉదయ్ ముఖం వాడిపోయింది. మూర్ఖుడు. ఊరుకుంటే పోయేది. "నవ్వకండి, ఒకటి చెప్తాను. డిగ్రీలో ఉన్నప్పుడు సెలవులకి ఇక్కడ చుట్టాలింటికి వచ్చి ఆ గేమ్ ఆడేవాణ్ణి. ఆ గొంతు వినడం కోసం కావాలనే దెబ్బలు తినేవాణ్ణి. తుపాకీ దించేసి దొంగల ముందుకు వెళ్లి నిలబడేవాణ్ణి. ఎవరో మన కోసం వస్తున్నా అంటున్నట్టు... అర్థం తెలియకపోయినా అట్లానే అనిపించేది."

కళ్యాణి నవ్వలేదు. గొడుగు కాడని తిప్పుతూ కూర్చుంది.

ఆ తర్వాత ఆమె రోజూ సాయంత్రం రావడం మొదలుపెట్టింది. ఉదయ్ చేసిన ప్రతి మార్పునూ ఆడి చూసేది, తప్పులు పట్టేది.

"ఇదేంది? దెబ్బ తాకితే జంపక్క వస్తలేదు?"

"ఇప్పుడొచ్చే గేమ్‌లన్నీ అంతేనండీ. చాటున కాసేపు నక్కితే దెబ్బ దానంతటదే మానిపోద్ది."

"గట్ల మానుతదా? ఎవరు చెప్పిండ్రు?"

ఆ ప్రశ్న గేమ్ గురించి కాదని అతనికి అప్పుడు తెలియలేదు. కానీ ఆ మార్పు తీసేశాడు. ఆమె సంతోషపడితే చాలనిపించింది. ఎదురుగా కూర్చున్న మనిషిని చూస్తూ, ఎక్కడో ఉన్న గొంతు కోసం నిట్టూర్చేవాణ్ణి ఏమనాలి? నేనైతే వెర్రివాడంటాను.

ఆగస్టు మొదటి వారం. మధ్యాహ్నం కరెంటు పోతే కళ్యాణి ఎదురు కొట్టు చూరు కింద టీ తాగుతోంది. కరెంటు రాగానే ఉదయ్ గుమ్మంలోంచి కేకేశాడు.

"కళ్యాణి గారూ! వచ్చింది, రండి!"

ఆమె గ్లాసు పెట్టేసి, వానలో పరుగున రోడ్డు దాటి, మెట్టెక్కుతూ అలవాటుగా తన భాషలో అంది. "ఆరో...చు!"

గొంతు లేదు. కానీ 'రో' దగ్గర ఆ సాగదీత, 'చు' దగ్గర టక్కున దించేయడం... ఆ వరస ఏడేళ్లుగా అతని చెవుల్లో ఉన్నదే.

"మీరే," అన్నాడు ఉదయ్.

ఆమె చేతిలో గొడుగు జారింది. కాదనలేదు.

"గొంతుల గడ్డ లేసింది. రెండేండ్ల కింద ఆపరేషన్ చేసిండ్రు. పానం దక్కింది. గొంతు నరం దెబ్బ తిన్నది, మళ్ల రాదన్నరు. రేడియోల అనౌన్సర్ అయిత అనుకున్న నేను." "ఇప్పుడు ఫోన్ల హలో అంటే కట్ చేస్తరు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం జేస్తవ్? దాని కోసం దెబ్బలు తిన్నా అంటివి. కోటేష్ అన్న గొంతు మారిస్తే ఆడం అంటుండు. నువ్వు మనసు పడ్డది పాత దాని మీద. నేను రీమేక్‌ను. ఫ్యాన్స్‌కు నచ్చ."

'సార్', 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. మామూలప్పుడైతే ఉదయ్ గాల్లో తేలేవాడే. ఇప్పుడు మాత్రం ఏం చెప్పాలో తెలియక నిలబడిపోయాడు. జవాబు కోసం ఆమె ఓ క్షణం చూసింది. తర్వాత గొడుగు తీసుకుని వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు.

పదిహేనో తారీఖు జెండా పండగ అయిపోగానే పది కంప్యూటర్ల ముందూ జనం నిండారు. కొత్త వెదురుకోట చూసి ఈలలు వేశారు. కోటేష్ సంబరంగా మొదటి తూటా తిన్నాడు. చెవులు రిక్కించాడు. నిశ్శబ్దం.

"అన్నా! గొంతేది?"

"ఇంకా రాలేదు."

"పాతది పెట్టరాదు! గరగరున్నా నడుస్తది."

"పెట్టను."

"గీ జంపక్క కూడా వస్తలేదు. మూలకు కూసుంది. నేనే ఆమె కాడికి పోవాల్నా?"

"అవును. తుపాకీ పక్కన పెట్టి నువ్వే వెళ్లాలి."

"గిదేం గేమ్ అన్నా! అంత ఖరాబ్ చేసినవ్," అని కోటేష్ లేచాడు. వెనకాలే మిగతావాళ్లు. పావుగంటలో సెంటర్ ఖాళీ. ఉదయ్ కుర్చీలన్నీ సర్ది కూర్చున్నాడు. దిగులుగానే ఉంది. ఏడాది పని మరి. అయినా పాత ఫైలు ముట్టుకోలేదు.

ఆ సాయంత్రమే కళ్యాణి వచ్చింది. కోటేష్ డీటీపీ షాపులో కూర్చుని గంటసేపు తిట్టి వెళ్లాడట.

"పాత గొంతు ఎందుకు పెట్టలే?"

"పెడితే నువ్వన్నదే నిజమవుద్ది. ఆ రోజు జవాబు తోచలేదు, ఇప్పుడు చెప్తున్నా. ఆ గొంతంటే నాకు ఇష్టం, అబద్ధం చెప్పను. కానీ ఈ పది రోజులు నేను ఎదురుచూసింది దాని కోసం కాదు. 'గట్ల మానుతదా' అని అడిగిన మనిషి కోసం. నువ్వంటే నాకు ప్రేమ, కళ్యాణీ."

ఆమె కళ్లు నిండాయి. "నా మాట దూరం వినపడదు ఉదయ్."

"అందుకే గేమ్ మార్చాను. ఇప్పుడు జంపక్క అరవదు. దగ్గరికి వెళ్లినవాడికే వినిపిస్తుంది."

బయట గోదావరికి రెండో ప్రమాద హెచ్చరిక అని మైకులో చెప్పుకుంటూ ఆటో పోయింది. ఆ మోత తగ్గేదాకా ఇద్దరూ ఆగారు. తర్వాత ఆమె కంప్యూటర్ పక్కనున్న రికార్డింగ్ మైకు ముందుకు కుర్చీ లాక్కుంది. మొదటిసారి ఏడుపొచ్చి ఆగిపోయింది. ఐదోసారికి కుదిరింది.

మూడు రోజులకు కోటేష్ ఒక్కడే వచ్చాడు. కొత్త గొంతు పెట్టారని ఎవరో చెప్పారట. తలుపు దగ్గర ప్రింట్లు పట్టుకుని నిలబడిన కళ్యాణిని అతను గమనించలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఓ తూటా తిని సణిగాడు.

"సౌండ్ తక్కువుందన్నా."

"సౌండ్ సరిగ్గానే ఉంది. నువ్వు దూరంగా ఉన్నావు. దగ్గరికి వెళ్లు."

కోటేష్ గొణుక్కుంటూ వెదురు సందుల్లోంచి నడిపించుకుంటూ వెళ్లాడు. జంపక్క పక్కన ఆగాడు. ఏదో విన్నాడు. గొణగడం ఆపి, హెడ్‌ఫోన్స్ రెండు చేతులతో చెవులకు నొక్కుకున్నాడు.

"ఏమైంది? నచ్చలేదా?" అన్నాడు ఉదయ్.

కోటేష్ మౌస్ అందుకున్నాడు. తన గార్డుని లేపి మళ్లీ యార్డు మధ్యలోకి తీసుకెళ్లాడు. ఎదురుగా ముగ్గురు దొంగలు. అతను కాల్చలేదు. తుపాకీ దించేసి, వాళ్ల ముందుకు వెళ్లి, కావాలనే నిలబడ్డాడు.

తలుపు దగ్గర కళ్యాణి అది చూసింది. చేతుల్లోని కాగితాలు పక్క బల్ల మీద పెట్టేసింది. ఉదయ్ పిలిచేలోపే, ఆ ఉన్న గొంతుతోనే అంది.

"ఆరోచు."