మంచు పెట్టిన రంధ్రాలు

హత్య జరిగింది. హతురాలు ఒక గొర్రె. తల లేదు.

"నవ్వకు," అన్నాడు చీఫ్, ఫోటోను బల్ల మీదకు విసిరి. "తల ల్యాబ్‌కి చేరింది. మెదడు నిండా రంధ్రాలట. స్క్రేపీ."

ఏజెంట్ కంబళి నవ్వు ఆపేశాడు. గూఢచారి కాకముందు అతను పశువుల డాక్టరు. మండుటెండలో కూడా కంబళి కప్పుకుని తిరుగుతాడు కాబట్టి ఆ పేరు. అందులో ఎన్ని జేబులున్నాయో కుట్టిన దర్జీకే గుర్తులేదు. లోపల ఒక నిచ్చెన కూడా ఉందంటారు. నమ్మనివాళ్లు తడిమి చూసుకోవచ్చు.

స్క్రేపీ మందు లేని జబ్బు. గొర్రె మెదడులో ఒక ప్రొటీన్ వంకరపోతుంది. అది తన పక్కదాన్నీ వంకర చేస్తుంది. గొర్రె గోడకు ఒళ్లు రుద్దుకుని ఉన్ని అంతా ఊడగొట్టుకుని, తూలి తూలి చస్తుంది.

"అది మా అక్క మందలోది," అన్నాడు కంబళి.

"తెలుసు. మధ్యాహ్నానికి ఆ మంద మొత్తం పోవాలి. రేపటినుంచి దేశంలోని మిగతా మందలు. అవతల విదేశీ ముఠా ఓడలనిండా ఉన్ని నింపుకుని మన మార్కెట్ కోసం కాచుకుంది. జబ్బు ఎలా తెచ్చారో కనిపెట్టు."

"మంద జోలికి రాకండి సార్."

"ఇది ఆర్డర్."

"అయితే ఆర్డర్ కన్నా ముందు నేనే వెళ్తా."

దొడ్డి గేటుకు అడ్డంగా అక్క నిలబడి ఉంది. చేతిలో దుడ్డుకర్ర.

"ఎవడొస్తాడో రమ్మను. నన్ను దాటితే కదా గొర్రె!"

కంబళి ఒక్కొక్క గొర్రె వీపూ గోకాడు. జబ్బున్నదైతే వీపు గోకగానే కళ్లు మూసి పెదాలు ఆడిస్తుంది. ఒక్కటీ ఆడించలేదు. పొట్టేలైతే పరాయివాడు చెయ్యేసినట్టు చూసింది.

"గొర్రెలకి మర్యాదలేంట్రా?" అంది అక్క.

"జబ్బు లేనట్టే ఉందక్కా. కానీ ఈ మాట చాలదు, రుజువు కావాలి. వాళ్లని కాసేపు ఆపు."

"కాసేపా? పొద్దుగూకేదాకా ఆపుతా. పో!"

ల్యాబ్‌లోకి ఫ్రిజ్ మెకానిక్ వేషంలో వెళ్లాడు. అక్కడి డాక్టరమ్మ డిపార్ట్‌మెంట్‌కి రహస్య మనిషి. ముత్యాల హారం, నల్ల కళ్లద్దాలు, ఫార్మలిన్ వాసనను కూడా ఓడించే సెంటు.

"ఫ్రిజ్ చల్లబడటం లేదా?"

"మనసే చల్లబడటం లేదు," అందామె. కోడ్ సరిపోయింది.

మైక్రోస్కోప్‌లో చూశాడు. రంధ్రాలు నిజమే. కానీ స్క్రేపీలో రంధ్రాల చుట్టూ నక్షత్రాల్లాంటి కణాలు ఉబ్బుతాయి. ఇక్కడ ఒక్కటీ ఉబ్బలేదు. తల తెచ్చిన పెట్టె మూత తీశాడు. అడుగున గడ్డకట్టిన ఉన్ని అంటుకుని ఉంది. తల మొత్తాన్ని ముందే మంచులో పెట్టారన్నమాట! మెదడులోని నీరు మంచు సూదులై పొడిచిన రంధ్రాలివి.

"మెదడులో సగం ఫార్మలిన్‌లో వేసి స్లైడ్ చేశారు. ఫ్రీజర్‌లో ఉంచిన రెండో సగానికి ఎంజైమ్ టెస్ట్ చేశారా?"

"రంధ్రాలు కనిపిస్తుంటే ఇంకా టెస్టెందుకు, డియర్? అదిగో, చలిగదిలో ఉంది. నువ్వే చూసుకో."

లోపలికి వెళ్లాడు. వెనక తాళం పడింది. ఆమె హీల్స్ చప్పుడు దూరమైంది.

కంబళి వాడిని చలితో చంపుదామనుకున్న మొదటి మనిషి ఆమే.

జేబులోంచి థర్మాస్ ఫ్లాస్క్ తీశాడు. అందులో ఎంజైమ్, ఒక టెస్ట్ పట్టీ ఉన్నాయి. ఎంజైమ్ మంచి ప్రొటీన్‌ని తినేస్తుంది, వంకరదాన్ని మాత్రం కొరకలేదు. అది మిగిలితే పట్టీ మీద గీత పడుతుంది. మెదడు ముక్క నలిపి వేశాడు. ఎంజైమ్‌కి ఒంటి వేడి కావాలి. ఫ్లాస్క్‌ని చంకలో పెట్టుకుని, కంబళి బిగించి, గుడ్లు పొదిగే కోడిలా కూర్చున్నాడు.

పట్టీ తీశాడు. గీత లేదు.

నిచ్చెన తీశాడు. ఉంది, చెప్పాను కదా. పైకప్పు గొట్టంలోంచి బయటపడ్డాడు.

దొడ్డి దగ్గర అక్క చేతులను చీఫ్ మనుషులు నలుగురు పట్టుకున్నారు. పక్కనే చీఫ్, ల్యాబ్ నుంచి వచ్చేసిన డాక్టరమ్మ. ఆమె ఇంకా తిడుతూనే ఉంది. పొట్టేలు మెడ మీద సూది ఆనింది.

"ఆపండి!" మీసాల మీద మంచుతో కంబళి దూకాడు. "ఆ ముఠావాళ్లు జబ్బు తేలేదు సార్, జబ్బు భయం తెచ్చారు. మంచి గొర్రెని చంపి, తల మంచులో పెట్టి రంధ్రాలు పుట్టించారు. ఇదిగో, గీత లేదు!"

సూది వెనక్కి జరిగింది. చీఫ్ పట్టీ వైపు, తర్వాత డాక్టరమ్మ వైపు చూశాడు.

ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీసింది. అది పిస్టల్. "కదిలితే కాలుస్తా!"

మనుషులు కదల్లేదు. పొట్టేలుకు ఆ మాట అర్థం కాలేదు. ఒక్క కుమ్ము. ముత్యాల హారం తెగి పెంటలో పడింది, వెనకే ఆమె కూడా.

చీఫ్ ఆర్డర్ చింపేశాడు. గేటు తెరుచుకుంది. మంద మేతకు బయల్దేరింది.

అలసిపోయి గోడకు చేరగిలబడిన తమ్ముడి వీపు నిమిరి, రెండు గోళ్లతో గోకింది అక్క. కంబళి కళ్లు మూసుకున్నాడు. హాయిగా పెదాలు ఆడించాడు.

అక్క చెయ్యి ఆగిపోయింది.

"సార్," అంది చీఫ్‌తో, "ఆ పట్టీ ఇంకోటి ఉందా?"