తొమ్మిదో రాత్రి రొట్టె

తెల్లవారగానే ఆర్డెల్ పిండి కలిపింది. కొండ మీద మంచు ఇంకా వీడలేదు. మైదా, చక్కెర, వెన్న, ఉప్పు, గోరువెచ్చని నీళ్లు. ఏళ్ల తరబడి చేస్తున్న పనే కాబట్టి చేతులు వాటంతట అవే కదిలాయి. ముద్ద మీద తడిగుడ్డ కప్పి పొయ్యి పక్కన పెట్టి, గదిలోకెళ్లి మంచం మీద ఒక పక్కగా కూర్చుంది. రెండో పక్క భర్త ఎగ్బర్ట్‌ది. ఆ పక్కనున్న దుప్పటిని ఆమె ఇంతవరకు ఉతకలేదు.

ఎగ్బర్ట్ పోయి అది తొమ్మిదో రోజు. ఆ రాత్రి ఊరంతా పెరట్లో చేరి, పాడి, డామినోలు ఆడి, వేయించిన చేపా రొట్టే తిని, పోయినవాణ్ణి సాగనంపుతుంది. ఆ తర్వాత అతనికి ఈ ఇంటితో పనుండదు. ఊళ్లో ఎవరు పోయినా తొమ్మిదో రాత్రికి రొట్టె ఆర్డెల్‌దే. గట్టిగా, కాస్త తియ్యగా, కోస్తే పొడి రాలకుండా వచ్చే ఆ రొట్టె లేనిదే పోయినవాళ్లు గడప దాటరని జనం హాస్యమాడేవారు. ఆర్డెల్ ఆ మాటనే గట్టిగా పట్టుకుంది.

పెరట్లో మగవాళ్లు టార్పాలిన్ కడుతున్నారు. కూతురు నదీన్ వంటింట్లోకొచ్చి గుడ్డ ఎత్తి చూసింది.

"అమ్మా, ఇదేంటి, పొద్దుటి నుంచి ఇంతే ఉంది?"

"చలికి," అంది ఆర్డెల్ గదిలోంచి వస్తూ.

"పొయ్యి పక్కన చలేంటమ్మా!"

అప్పుడే ఎగ్బర్ట్ అక్క ఐసిల్డా చేపల బుట్టతో వచ్చింది. నోరున్న మనిషి. ముద్దను వేలితో నొక్కి, వాసన చూసి, అలమర తెరిచింది. పిండిని పొంగించే ఈస్టు డబ్బాకి సీలు కూడా ఊడలేదు.

"ఏమే ఆర్డెల్, మరిచిపోయావా, మానేశావా?"

"మానేశాను వదినా."

"ఎందుకూ?"

"రొట్టె లేకపోతే రాత్రి ఎలా జరుపుతారు? జరపకపోతే ఆయన ఎక్కడికి పోతాడు?" ఆర్డెల్ ముద్ద మీద గుడ్డ మళ్లీ కప్పింది. "తెల్లారుజామున మంచం ఆ పక్క కిర్రుమంటుంది. చుట్ట వాసన వస్తుంది. ఒక్క వారం ఉండనివ్వండి. మీ సొమ్మేం పోయింది?"

నదీన్ కళ్లు తుడుచుకుంది. ఐసిల్డా మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఓసి నీ తెలివీ! నదీన్, రోడ్డు మీదికెళ్లి వ్యానులో అమ్మే రొట్టె పట్రా. ప్లాస్టిక్ సంచిలోది."

"వ్యాను రొట్టా!" ఆర్డెల్ దిగ్గున తిరిగింది. "అంతా గాలే అది. మా ఆయన్ని అది పెట్టి పంపిస్తారా?"

"నువ్వు చెయ్యనంటివిగా."

"పంపొద్దనే కదా నేనంటున్నది!"

"లారీ నడిపినవాడే వాడు! ఇంట్లో ఒక్క పూటన్నా కుదురుగా కూర్చున్నాడా? పెళ్లినాడు కూడా అరటిగెలలు దించొచ్చి చర్చికొచ్చాడు. అలాంటివాణ్ణి గదిలో కట్టేసి ఏం సుఖపెడతావే?"

"మీకేం వదినా, తేలిగ్గా అనేస్తారు."

ఆ మాటకి ఐసిల్డా మొహం మారిపోయింది. పీట మీద కూలబడింది.

"తేలికా? అమ్మ పోయాక చంకనేసుకుని పెంచాను వాణ్ణి. రోజూ తెల్లారకముందే లేచి కూర్చుంటున్నా, నా గుమ్మంలో కూడా వాడి అడుగుల చప్పుడు వినబడుతుందేమోనని. ఒక్కసారీ రాలేదు. నీకు చుట్ట వాసనన్నా వచ్చింది. నాకు అదీ లేదు."

ఆర్డెల్‌కి సిగ్గేసింది. ఎగ్బర్ట్ తన ఒక్కదానికే పోయాడనుకుంది ఇన్నాళ్లూ. నేల మీద కూర్చుని వదిన ఒళ్లో తల పెట్టింది. ఇద్దరూ తనివితీరా ఏడ్చారు.

తర్వాత ఆర్డెల్ లేచి సీలు చింపింది. గోరువెచ్చని నీళ్లలో ఈస్టు నురగ కట్టాక ముద్దలో కలిపి పిసికింది. మధ్యాహ్నానికి ముద్ద పొంగింది. ఇక కర్రతో ఒత్తాలి. లోపలి గాలంతా పోయేదాకా మడిచి ఒత్తడమే ఈ రొట్టెకి అసలు పని.

"ఇంకా గట్టిగా, వదినా. అదుగో, బుడగ."

"నా రెక్కలు పడిపోయాయే తల్లీ!"

"బుడగలుంటే మీ తమ్ముడు ముట్టడు."

ఐసిల్డా తడి కళ్లతోనే నవ్వి మళ్లీ ఒత్తింది. ముద్దల్ని చాపల్లా బిగించి చుట్టి రేకు డబ్బాల్లో పెట్టారు.

ఎండ వాలేసరికి మొదటి రొట్టె దిగింది. పెరట్లో అప్పుడే డోళ్లు సవరిస్తున్నారు. ఆర్డెల్ కొసముక్క కోసి, మందంగా వెన్న రాసి, గదిలోకి తీసుకెళ్లి ఎగ్బర్ట్ పడుకునే పక్కనున్న బల్ల మీద పెట్టింది. ఐసిల్డా ఆమె వెనకే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"వేడిగా ఉంది," అంది ఆర్డెల్, ఖాళీ మంచాన్ని చూస్తూ. "చల్లారేదాకా ఉండు. తినేసి బయల్దేరుదువుగాని."

కిటికీలోంచి కొండగాలి వీస్తోంది. రొట్టె తొందరగా చల్లారిపోతుందని ఐసిల్డా వెళ్లి కిటికీ మూసింది.